దీర్ఘవ్యాధిగ్రస్తులకు టీకాల ఆవశ్యకత

"ఆరోగ్యమే మహాభాగ్యం" అని తెలుగువారి నానుడి. "పర్హేజ్ ఇలాజ్ సే బెహ్తర్ హై" అని ఉర్దూలో సామెత. అనగా జబ్బు వచ్చిన తర్వాత చేయించుకునే చికిత్స కంటె ముందుగా తీసుకునే జాగ్రత్త మేలని దాని భావం. రెండు భాషల పెద్దలూ తమ తమ పలుకుబడిలో చాటిన సత్యం ఒక్కటే. అయితే ఈ సత్యాన్ని మనం పసిపిల్లల విషయంలో పాటించినంత శ్రద్ధగా పెద్దవారి విషయంలో పాటించడం లేదు. బిడ్డ పుట్టింది మొదలు ఏ నెలలో ఏ టీకా వేయించాలో నేటి తల్లులకు కంఠోపాఠం. కాని పదిహేనేండ్లుగా మధుమేహంతో బాధపడుతున్న తండ్రికి, ఉబ్బసంతో రాత్రులు నిద్రకు దూరమైన తల్లికి, వారానికి రెండుమూడు మార్లు డయాలిసిస్ చేయించుకుంటున్న మేనమామకు కూడ టీకాలు అవసరమన్న ఆలోచన మనకు సాధారణంగా తట్టదు. ఒకవేళ ఎవరైనా చెప్పినా, "అసలే జబ్బు మనిషి, పైగా సూది కూడానా?" అని వెనుకాడతాం. ఈ వెనుకంజ వల్ల నిండు ప్రాణాలు పోతున్నాయి. అందుచేత ఈ విషయాన్ని విద్యార్థుల ముందుంచడం అవసరమని భావించి ఈ వ్యాసానికి పూనుకున్నాను. నేను వైద్యుడను కాను, భాషాధ్యాపకుడను. వైద్యశాస్త్రం తేల్చి చెప్పిన విషయాలను అందరికీ తెలిసే మాటలలో అమర్చడమే ఇక్కడ నా పని.

టీకా – పూర్వాపరాలు

తెలుగు విద్యార్థికి "టీకా" అనగానే పద్యానికి ప్రతిపదార్థం గుర్తుకు వస్తుంది. హిందీ, ఉర్దూ భాషలలో టీకా అంటే బొట్టు, గుర్తు. మశూచికి వేసిన మందు చేతిమీద మచ్చను మిగిల్చేది గనుక ఆ మాటే మందుకు పేరయింది. ఆంగ్లంలోని వ్యాక్సిన్ అన్న పదం లాటిన్ భాషలో ఆవుకు పేరైన "వాకా" నుండి పుట్టింది. ఇందులో మొదటి అర్థం కూడ మన ప్రస్తుతానికి చక్కగా అన్వయిస్తుంది. కఠినమైన పద్యాన్ని పరీక్షకు ముందే టీకా సాయంతో చదివి ఉంచుకున్న విద్యార్థి, పరీక్షలో దానిని చూచి బెదరడు. అట్లే రోగక్రిమి గుర్తులను ముందుగానే నేర్చుకున్న దేహం, నిజమైన క్రిమి వచ్చినపుడు కలవరపడక ఎదుర్కొంటుంది.

మశూచి అనేక శతాబ్దాల పాటు మానవజాతిని పీడించింది. అరబ్బీ వైద్యంలో ప్రసిద్ధుడైన అల్ రాజీ, మశూచికీ తట్టుకూ గల భేదాన్ని స్పష్టంగా వివరిస్తూ ప్రత్యేక గ్రంథమే రచించాడు. ఒకసారి మశూచి సోకి బ్రతికినవారికి అది మరల రాదని ప్రాచీనులు గమనించారు. ఆ పరిశీలన ఆధారంగా రోగి పొక్కులలోని పదార్థాన్ని ఆరోగ్యవంతుల చర్మంలోనికి స్వల్పంగా ఎక్కించే పద్ధతి ఆసియాఖండంలో వాడుకలో ఉండేది. తుర్కీ రాజధానిలో ఈ ఆచారాన్ని స్వయంగా చూచిన ఆంగ్ల వనిత లేడీ మేరీ వర్ట్లీ మాంటెగూ 1718లో తన కుమారునికి దానిని చేయించి, అటుపిమ్మట ఇంగ్లండులో ప్రచారం చేసింది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ అంతకంటె క్షేమకరమైన మార్గాన్ని కనిపెట్టాడు. ఆవులకు వచ్చే ఒక తేలికపాటి పొక్కుల వ్యాధి పదార్థాన్ని బాలునికి ఎక్కించి మశూచినుండి రక్షణ కలుగుతుందని నిరూపించాడు. మన దేశంలో ఈ టీకాను మొదట పొందినది 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా దుస్తాల్ అనే మూడేండ్ల బాలిక. భారతదేశంలో మశూచి 1975లో అంతరించింది. 1980 మే 8న ప్రపంచమంతటా అంతరించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ మహాసభ ప్రకటించింది. ఒక వ్యాధిని భూమండలం నుండి పూర్తిగా తుడిచిపెట్టిన ఈ ఘనత టీకాదే.

గోరుచుట్టుపై రోకటిపోటు

దీర్ఘవ్యాధి అనగా నెలల తరబడి, తరచుగా జీవితాంతం, మనిషిని వెన్నంటి ఉండే రోగం. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బులు, ఉబ్బసం, మూత్రపిండాల, కాలేయాల వ్యాధులు, తలసేమియా, సికిల్ సెల్ వంటి రక్తదోషాలు, క్యాన్సర్ ఇత్యాదులు ఈ కోవకు చెందుతాయి. ఇవి కొద్దిమందికి పరిమితమైనవి కావు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్లమందికి మధుమేహం, 31.5 కోట్లమందికి అధిక రక్తపోటు ఉన్నాయి. ఈ లెక్కన దీర్ఘవ్యాధి గడప తొక్కని ఇల్లు అరుదని చెప్పవచ్చు.

ఇట్టివారికి అంటువ్యాధులు సోకితే ప్రమాదం ఎక్కువ కావడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది దేహరక్షణ బలహీనపడటం. క్రిములను పసిగట్టి, వాటివద్దకు చేరి, మ్రింగివేయడం తెల్ల రక్తకణాల పని. రక్తంలో చక్కెర ఎక్కువకాలం హెచ్చుగా ఉంటే ఈ కణాల చురుకుదనం తగ్గుతుంది. మూత్రపిండాలు చెడినపుడు రక్తంలో పేరుకునే మలినాలు కూడ ఇదే కీడు చేస్తాయి. పొగవల్లనో, ఉబ్బసంవల్లనో దెబ్బతిన్న ఊపిరితిత్తులు కఫాన్ని, క్రిములను బయటికి నెట్టలేవు. క్యాన్సర్‌కు వాడే మందులు, అవయవమార్పిడి తర్వాత వాడే మందులు తెల్ల రక్తకణాలనే అణచివేస్తాయి.

రెండవది, వచ్చిన అంటువ్యాధి పాత వ్యాధిని రెచ్చగొట్టడం. జ్వరం వచ్చినపుడు దేహంలో కార్టిసాల్, అడ్రినలిన్ వంటి రసాయనాలు పెరిగి రక్తంలోని చక్కెరను అమాంతం పెంచుతాయి; అదుపులో ఉన్న మధుమేహం అదుపు తప్పుతుంది. గుండెజబ్బు సంగతి ఇంకా గమనింపదగినది. ఇన్‌ఫ్లుయెంజా సోకినట్లు పరీక్షలో తేలిన తర్వాతి 7 రోజులలో గుండెపోటు వచ్చే అవకాశం సుమారు 6 రెట్లు పెరుగుతుందని కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జరిగి 2018లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఫ్లూ అంటే రెండు తుమ్ములు, మూడు రోజుల జ్వరం అని తేలికగా తీసివేసేవారు ఈ మాటను మనసున పెట్టుకోవాలి. జ్వరం తగ్గిన వారానికి గుండెపోటుతో మరణించిన వ్యక్తి విషయంలో లోకం గుండెనే నిందిస్తుంది. ఆ గుండెను క్రుంగదీసిన జ్వరం లెక్కలోకి రాదు. గోరుచుట్టుపై రోకటిపోటు అన్న సామెతకు ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

కోవిడ్ కాలంలో ఈ విషయం ప్రపంచానికంతటికీ తెలిసివచ్చింది. మన దేశంలో ఆ టీకా 2021 జనవరి 16న వైద్యసిబ్బందితో మొదలయింది. ఆ సంవత్సరం మార్చి 1 నుండి 60 ఏండ్లు నిండినవారికి, వారితోపాటు 45 నుండి 59 ఏండ్లలోపు వయసులో ఉండి నిర్ణీత దీర్ఘవ్యాధులతో బాధపడేవారికి టీకా ఇచ్చారు. ఆ వ్యాధులు 20 అని పట్టిక ప్రకటించి, వైద్యుని ధ్రువపత్రం తెచ్చినవారికి వరుసలో ముందు స్థానం కల్పించారు. జబ్బు ఉన్నది గనుక టీకా వద్దు అన్న లోకాభిప్రాయానికి ఇది సరిగా ఎదురైన నిర్ణయం. జబ్బు ఉన్నది గనుకనే టీకా ముందుగా కావాలి అన్నది దీని సారాంశం.

టీకాలలో రెండు తెగలు

ఈ విషయంలో ప్రతివారూ తెలుసుకోవలసిన ముఖ్యభేదం ఒకటి ఉంది. టీకాలన్నీ ఒకే తీరున తయారు కావు.

మొదటి తెగ నిర్జీవ టీకాలు. చంపిన క్రిమితోగాని, క్రిమిలోని ఒక భాగంతోగాని, క్రిమి విషాన్ని నిర్వీర్యం చేసిగాని వీటిని తయారు చేస్తారు. సూదిద్వారా ఇచ్చే ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా, హెపటైటిస్-బి టీకా, ధనుర్వాతం టీకా, కుక్కకాటు టీకా ఈ తెగకు చెందినవి. హైదరాబాదులో తయారైన కోవాక్సిన్ కూడ చంపిన వైరస్‌తో చేసినదే. వీటిలో బ్రతికి పెరిగే క్రిమి లేదు గనుక వీటివల్ల ఆ జబ్బు రావడమన్నది అసంభవం. రోగనిరోధక శక్తి ఎంత తగ్గినవారికైనా వీటిని ఇవ్వవచ్చు. కాకపోతే అట్టివారిలో ఫలితం కొంత తక్కువగా ఉండవచ్చును.

రెండవ తెగ సజీవ టీకాలు. క్రిమిని చంపక, దాని తీవ్రతను తగ్గించి వీటిని తయారు చేస్తారు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే టీకా, ఆటలమ్మ టీకా, క్షయకు వేసే బి.సి.జి., నోటిలో వేసే పోలియో చుక్కలు, ముక్కులో కొట్టే ఫ్లూ టీకా ఇట్టివి. ఆరోగ్యవంతులకు ఇవి క్షేమకరమే. కాని రోగనిరోధక శక్తి తీవ్రంగా అణగారినవారిలో బలహీనమైన ఆ క్రిమికి సైతం అడ్డు ఉండదు. అందుచేత క్యాన్సర్ మందులు వాడుతున్నవారికి, అవయవమార్పిడి జరిగినవారికి, ప్రెడ్నిసొలోన్ వంటి స్టీరాయిడ్ మాత్రలను రోజుకు 20 మిల్లీగ్రాములు లేక అంతకు మించి రెండు వారాలు, ఆపైన వాడుతున్నవారికి సజీవ టీకాలు సాధారణంగా ఇవ్వరు.

కేవలం మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, పీల్చే మందుతో అదుపులో ఉన్న ఉబ్బసం గలవారు ఈ నిషేధం క్రిందికి రారని గమనించాలి. నిషేధం కొన్ని మందులకు, కొన్ని స్థితులకు మాత్రమే. దీనిని తెలియక కొందరు అన్ని టీకాలనూ మానివేస్తున్నారు. మరికొందరు స్టీరాయిడ్ వాడుతున్న సంగతిని చెప్పకుండానే చేయి చాపుతున్నారు. రెండూ పొరపాట్లే. కీళ్ళనొప్పులకని, ఆయాసానికని ఊరి దుకాణంలో కొని వాడే చిన్న మాత్రలలో స్టీరాయిడ్ ఉండవచ్చు. కనుక టీకాకు వెళ్ళునపుడు వాడుతున్న మందులన్నింటినీ వెంట తీసుకొనిపోయి చూపడం ఉత్తమం.

ఇంకొక సూత్రం కూడ ఉంది. రోగనిరోధక శక్తిని అణచే చికిత్స ఆరంభించబోతున్నవారు, వీలైనంతవరకు అంతకు ముందే టీకాలు పూర్తి చేసుకోవాలి. నిర్జీవ టీకాలకు కనీసం రెండు వారాలు, సజీవ టీకాలకు కనీసం నాలుగు వారాలు వ్యవధి కావాలి. ఇల్లు కాలునపుడు నుయ్యి త్రవ్వ పూనుకున్న చందం కారాదు.

ఏ వ్యాధికి ఏ టీకా?

ఇన్‌ఫ్లుయెంజా టీకా దీర్ఘవ్యాధిగ్రస్తులందరికీ ముఖ్యమైనది. ఈ వైరస్ ఏటేటా రూపు మార్చుకుంటుంది గనుక టీకాను కూడ ఏటేటా వేయించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండు పర్యాయాలు, ఉత్తరార్ధగోళానికి ఒకసారి, దక్షిణార్ధగోళానికి ఒకసారి, టీకాలో చేర్చవలసిన వైరస్ రకాలను నిర్ణయిస్తుంది. మన దేశంలో ఫ్లూ వానకాలంలోనూ, చలికాలంలోనూ విజృంభిస్తుంది. టీకా ఫలితం పూర్తిగా కలగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది గనుక వానలకు ముందే వేయించుకోవడం మంచిది. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారికి ఈ టీకా ఎంత మేలు చేస్తుందో 8 దేశాలలో 2,500 మందికి పైగా పాల్గొన్న ఒక పరీక్ష 2021లో వెల్లడించింది. గుండెపోటు వచ్చిన కొద్దిరోజులలోనే టీకా పొందినవారిలో ఏడాదిలోగా మరణం గాని, మరల గుండెపోటు గాని, స్టెంటు మూసుకుపోవడం గాని జరిగినది నూటికి 5.3 మందికి, ఉత్తుత్తి సూది పొందినవారిలో అది 7.2.

న్యుమోనియా టీకా రెండవది. న్యూమోకాకస్ అనే సూక్ష్మజీవి ఊపిరితిత్తులకే గాక రక్తానికి, మెదడు పొరలకు కూడ సోకి ప్రాణం తీయగలదు. మధుమేహం, గుండెజబ్బు, ఊపిరితిత్తుల, కాలేయ, మూత్రపిండాల వ్యాధులు గలవారికి ఈ టీకాను వైద్యశాస్త్రం ప్రత్యేకంగా నిర్దేశిస్తున్నది. ఇది ఫ్లూ టీకా వలె ఏటేటా వేయించుకునేది కాదు. ఇందులో పలు రకాలున్నాయి. ఏది ముందు, ఏది వెనుక, మధ్య వ్యవధి ఎంత అన్నది రోగి స్థితినిబట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకాలను ఒకే రోజున చెరొక చేతికి వేయించుకోవచ్చు.

మూత్రపిండాల రోగులకు హెపటైటిస్-బి టీకా అత్యవసరం. ఈ వైరస్ రక్తంద్వారా వ్యాపిస్తుంది. డయాలిసిస్‌లో రక్తం పదే పదే దేహంనుండి యంత్రంలోనికి, యంత్రంనుండి దేహంలోనికి ప్రవహిస్తుంది. ఈ రోగులలో మామూలు మోతాదు చాలదు గనుక దానికి రెట్టింపు మోతాదు ఇస్తారు. ఆఖరి సూది తర్వాత ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేసి రక్షణ కలిగినదీ లేనిదీ చూస్తారు. ఏటేటా మరల పరీక్షించి, రక్షణ తగ్గితే మరొక సూది వేస్తారు. మూత్రపిండాల వ్యాధి ముదరకముందే, డయాలిసిస్ దాకా రాకముందే ఈ టీకా పూర్తిచేసుకుంటే ఫలితం మెరుగు. ఒకప్పుడు ఈ టీకా విదేశాలనుండి దిగుమతి అయ్యేది. సామాన్యుని అందుబాటులో ఉండేది కాదు. మన హైదరాబాదులో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో దీనిని స్వదేశంలో తయారుచేసి ధరను నేలకు దించింది. జన్యుసాంకేతిక విధానంలో భారతదేశం స్వయంగా తయారుచేసిన తొలి టీకా ఇదే కావడం తెలుగువారికి గర్వకారణం.

కాలేయవ్యాధి గలవారికి హెపటైటిస్-బి తోపాటు హెపటైటిస్-ఎ టీకా కూడ అవసరం. అప్పటికే చెడిన కాలేయం మీద కొత్త కామెర్లు వచ్చిపడితే తట్టుకోవడం కష్టం.

ప్లీహం, అనగా ఉర్దూలో తిల్లీ, రక్తంలోని కొన్ని సూక్ష్మజీవులను వడగట్టే అవయవం. తలసేమియా రోగులలో కొందరికి దీనిని శస్త్రచికిత్స ద్వారా తొలగించవలసి వస్తుంది. సికిల్ సెల్ రోగులలో అది బాల్యంలోనే క్రమంగా ఎండిపోతుంది. ప్లీహం లేనివారికి న్యూమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ అనే మూడు క్రిములకు టీకాలు ఇవ్వాలి. శస్త్రచికిత్స ముందుగా నిర్ణయమైనదైతే కనీసం రెండు వారాల ముందే ఇవి పడాలి. ఇట్టివారిలో ఉదయం వచ్చిన జ్వరం సాయంకాలానికి ప్రాణాంతకం కావచ్చును గనుక ఏ జ్వరాన్నీ ఉపేక్షింపరాదు.

ధనుర్వాతం టీకా గురించి మధుమేహరోగులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదాలకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మానని పుండు ధనుర్వాత క్రిమికి వాకిలి వంటిది. పదేండ్లకొక పర్యాయం ఈ టీకా వేయించుకోవడం క్షేమం. పూర్వం టి.టి. అనే పేరున ఇచ్చిన ఈ సూదికి బదులుగా, కంఠసర్పినుండి కూడ రక్షణనిచ్చే టి.డి. టీకా ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో వాడుకలో ఉంది.

చిన్ననాడు ఆటలమ్మ పోసినవారి నరాలలో ఆ వైరస్ నిద్రాణమై ఉండి, వయసు మళ్ళినపుడో, శక్తి సన్నగిల్లినపుడో సర్పిగా బయటపడుతుంది. దాని మంట, నొప్పి కొందరిని నెలల తరబడి వేధిస్తాయి. దీనికి రెండు మోతాదుల నిర్జీవ టీకా 2023 నుండి మన దేశంలో లభిస్తున్నది. ఏబది ఏండ్లు పైబడినవారు వైద్యుని సంప్రదించి వేయించుకోవచ్చు.

అపోహలు – వాస్తవాలు

షుగరు ఉన్నవారికి సూది వేస్తే చీము పడుతుందన్న భయం మన ఇండ్లలో తరచు వినవస్తుంది. రోజూ ఇన్సులిన్ సూది వేసుకునేవారు కోట్లమంది ఉన్నారన్న సంగతి ఈ భయానికి సమాధానం. శుభ్రమైన కొత్త సూదితో, సరియైన పద్ధతిలో వేసిన టీకాకు చీము పట్టదు. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు చక్కెర కొద్దిగా పెరగవచ్చు. మందులు మానక, పరీక్షించుకుంటూ ఉంటే చాలు.

గుండెజబ్బువారు రక్తం పలుచబడే మందులు వాడుతుంటారు. సూది వేస్తే రక్తం ఆగదేమోనని జంకుతారు. ఆ మందులను తమంత తాము ఆపివేయడం అసలు ప్రమాదం. సన్నని సూది వాడి, వేసినచోట కనీసం రెండు నిమిషాలు రుద్దకుండా గట్టిగా అదిమి పట్టుకుంటే సరిపోతుంది. వాడుతున్న మందు సంగతి ముందుగా చెప్పడం మాత్రం మరువరాదు.

ఫ్లూ టీకా వేసుకున్న మరునాడే జ్వరం వచ్చిందని, కాబట్టి టీకాయే ఫ్లూను తెచ్చిందని కొందరు వాదిస్తారు. చచ్చిన వైరస్ జబ్బును తేలేదు. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, ఒళ్ళు నొప్పులు, కొద్దిపాటి జ్వరం రావడం దేహం పాఠం నేర్చుకుంటున్నదనడానికి గుర్తు.

టీకాలకు అసలు ప్రమాదమే లేదని చెప్పడం కూడ సత్యం కాదు. పూర్వం అదే టీకాకు ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం వంటి తీవ్రమైన అలర్జీ వచ్చినవారు దానిని మరల వేయించుకోరాదు. తీవ్రజ్వరంతో ఉన్నవారు కోలుకున్న తర్వాత వేయించుకోవాలి. మామూలు జలుబుకు మాత్రం వాయిదా అక్కరలేదు. కోవిషీల్డ్ తరహా కోవిడ్ టీకా వల్ల అతి కొద్దిమందిలో రక్తం గడ్డకట్టిన మాట వాస్తవం. అట్టి అరుదైన కీడునూ, టీకా తప్పించే మరణాలనూ త్రాసులో పెట్టి తూచి వైద్యశాస్త్రం నిర్ణయం చేస్తుంది. దాచివేత వల్ల భయం పెరుగుతుంది; ఉన్నదున్నట్లు చెప్పినపుడే నమ్మకం కలుగుతుంది. టీకా తర్వాత కనీసం పావుగంట, పూర్వం అలర్జీ ఉన్నవారు అరగంట, అక్కడే కూర్చొని రావాలన్న నియమం ఇందుకే.

రెండు ప్రత్యేక సందర్భాలు

మొదటిది కుక్కకాటు. రేబీస్ లక్షణాలు బయటపడిన తర్వాత బ్రతికి బయటపడటం దాదాపు అసాధ్యం. కనుక కరచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. షుగరు గాని, బి.పి. గాని, క్యాన్సర్ గాని, గర్భం గాని, ఏదీ ఈ టీకాకు అడ్డు కాదు. పైగా రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి రక్తం రాని గీరు పడినా, టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడ ఇవ్వవలసి ఉంటుంది.

రెండవది హజ్ యాత్ర. యాత్రికులలో పెద్ద వయసువారు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు ఎందరో. లక్షలాదిమంది ఒకచోట గుమిగూడినపుడు శ్వాసద్వారా వ్యాపించే జబ్బులకు అవకాశం మెండు. 1987లో యాత్రికులలో మెదడు పొరల వాపు వ్యాధి ప్రబలింది. 2000, 2001 సంవత్సరాలలో అదే వ్యాధి మరొక రకం క్రిమితో తలయెత్తింది. ఈ అనుభవాల ఫలితంగా నాలుగు రకాల క్రిములనుండి రక్షణనిచ్చే మెనింగోకాకస్ టీకాను సౌదీ ప్రభుత్వం యాత్రికులకు తప్పనిసరి చేసింది. అక్కడికి చేరడానికి కనీసం 10 రోజుల ముందు దీనిని వేయించుకోవాలి. దీర్ఘవ్యాధి ఉన్న యాత్రికులు దీనితో సరిపెట్టుకోక, ఫ్లూ, న్యుమోనియా టీకాలను గురించి కూడ వైద్యుని అడగడం వివేకం.

కుటుంబం, ప్రభుత్వం, విద్యార్థి

రక్తక్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న పిల్లవానికి తట్టు టీకా వేయరాదు. వేసిన నిర్జీవ టీకాలు కూడ పూర్తిగా పనిచేయకపోవచ్చు. మరి అతనిని కాపాడేది ఎవరు? చుట్టూ ఉన్న ఆరోగ్యవంతులే. ఇంటిలోని అన్నదమ్ములు, తల్లిదండ్రులు, బడిలోని సాటిపిల్లలు తమ తమ టీకాలు పూర్తి చేసుకుంటే క్రిమికి ఆ పిల్లవాని దాకా దారి దొరకదు. ఆరోగ్యవంతుడు వేయించుకునే టీకాలో పొరుగువాని ప్రాణానికి కూడ పాలు ఉందన్నమాట. ఇంతకు మించిన సామాజిక ధర్మం మరొకటి లేదు.

ప్రభుత్వ బాధ్యతను గురించి కూడ ఒక మాట చెప్పక తప్పదు. 1985లో ఆరంభమైన సార్వత్రిక టీకాల కార్యక్రమం పిల్లలకు, గర్భిణులకు ఉచితంగా టీకాలనిచ్చి కోట్లాది ప్రాణాలను కాపాడుతున్నది. కాని దీర్ఘవ్యాధులు గల పెద్దలకు అవసరమైన ఫ్లూ, న్యుమోనియా, సర్పి టీకాలు ఆ కార్యక్రమంలో లేవు. సాధారణంగా ఎవరి డబ్బుతో వారు కొనుక్కోవలసిందే. నెలనెలా షుగరు మాత్రలకే అప్పుచేసే రిక్షా కార్మికునికి, బీడీలు చుట్టే తల్లికి ఇది తలకు మించిన భారం. జబ్బు పేదవాని ఇంట ఎక్కువ కాలం కాపురముంటుంది. రక్షణ మాత్రం ధనికుని ఇంటనే ఆగిపోతుంది. కోవిడ్ సమయంలో రోగుల పట్టికను తయారుచేసి వారికి ముందుగా టీకానివ్వగలిగిన వ్యవస్థ మనది. అదే దృష్టిని ఇతర టీకాలకు కూడ విస్తరింపజేయడం అసాధ్యం కాదు. ఫ్లూ టీకాకు ఏటా పెట్టే ఖర్చును, ఫ్లూ ముదిరి ఆసుపత్రిలో గడిపే పది రోజుల ఖర్చుతో పోల్చి చూస్తే ఏది భారమో ఎవరికైనా బోధపడుతుంది.

ఇక మన విద్యార్థుల సంగతి. మీలో అనేకులు మీ ఇంట కళాశాల మెట్లెక్కిన తొలివారు. డాక్టరు వ్రాసిన చీటీని చదివేదీ, మాత్రల పేర్లు గుర్తుపట్టేదీ, ఆసుపత్రిలో వరుసలో నిలబడేదీ మీరే. కనుక మీరు చేయగలిగినవి మూడు ఉన్నాయి. ఇంటిలో దీర్ఘవ్యాధి గలవారి పేరు, జబ్బు, వాడుతున్న మందులు, పూర్వం వేయించుకున్న టీకాలు, వాటి తేదీలు ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచండి. తరువాతి పర్యాయం వైద్యుని వద్దకు వెళ్ళినపుడు "మా నాన్నగారికి ఏయే టీకాలు అవసరం?" అని మీరే అడగండి, రద్దీలో వైద్యుడు మరచినా మీ ప్రశ్న గుర్తుచేస్తుంది. మూడవది, ఇంటిలోని పెద్దలు వద్దంటే వారిని ఎగతాళి చేయక, వారి భయమేమిటో విని, మర్యాదగా, ఓపికగా వివరించండి. సెల్‌ఫోనులో వచ్చిన వదంతికంటె కన్నబిడ్డ చెప్పిన మాటకు తల్లిదండ్రుల వద్ద విలువ ఎక్కువ.

మధుమేహాన్ని, గుండెజబ్బును మనం ఇంటినుండి పూర్తిగా వెళ్ళగొట్టలేకపోవచ్చు. వాటితో సహజీవనం చేస్తున్నవారి మీద మరొక వ్యాధి వచ్చిపడకుండా అడ్డుకోవడం మాత్రం చాలవరకు మన చేతిలో ఉంది. రాబోయే వానకాలం లోగా ప్రతి విద్యార్థి తన ఇంటిలో కనీసం ఒకరికి ఈ రక్షణ కల్పించగలిగితే, ఈ వ్యాసం వ్రాసిన ప్రయోజనం నెరవేరినట్లే.